ర్యాంపు ఒకటి, మేలు రెండు

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తి వేలాది మందిని పొట్టన పెట్టుకుంది. ఆ తరువాత మన తీరం వెంబడి తుఫాను రక్షిత భవనాలు వెలిశాయి. వీటిలో కొన్ని మామూలు రోజుల్లో బడులుగా పనికొస్తున్నాయి.

నీరు చేరకుండా వీటిని స్తంభాలపై ఎత్తుగా కడతారు. కానీ మెట్లు మాత్రమే ఉంటే, చక్రాల కుర్చీలోని బిడ్డకు రోజూ చదువు అందదు. తుఫాను రాత్రి రక్షణా అందదు.

2016 వికలాంగుల హక్కుల చట్టం విపత్తులలో వారికి సమాన రక్షణ ఉండాలంటోంది. 40 శాతం, ఆపైన వైకల్యమున్న 6 నుండి 18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కని చెబుతోంది. జిల్లాలోని వికలాంగుల వివరాలను విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసి ఉంచాలని కూడా ఆదేశిస్తోంది.

ఎత్తైన భవనానికి పొడవైన ర్యాంపు కావాలి, ఖర్చవుతుంది, నిజమే. అయితే అది తుఫానుకే కాదు, ప్రతి ఉదయం బడికీ దారి. అందుకే విద్య నిధులను, వరద రక్షణ నిధులను కలిపి ఆలోచించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము. ర్యాంపు, వీల్‌చైరు పట్టే మరుగుదొడ్డి లేని భవనానికి అనుమతి ఇవ్వరాదు.

తల్లిదండ్రులారా, మీ బిడ్డకు వైకల్య ధ్రువపత్రం తీసుకోండి. తుఫాను రాకముందే బిడ్డ పేరు జాబితాలో ఉందో లేదో అడిగి తెలుసుకోండి.