రగ్గు అందనివారెవరు?



“మా అబ్బాయి అమీర్‌పేటలో మూడు నెలలు ఎస్‌క్యూఎల్ నేర్చుకున్నాడు హజ్రత్, సర్టిఫికెట్ కూడా ఇచ్చారు, ఇంటర్వ్యూలో మాత్రం నిలబడలేకపోతున్నాడు” అనే మాట మేము ఈమధ్య తరచుగా వింటున్నాము. డిగ్రీ ముగించిన ఆడపిల్లల తల్లులు కూడా, ఇంటి నుండి చేయదగిన పని కదా అని, దీనిని గురించే అడుగుతున్నారు. మదరసాలో పాఠాలు చెప్పేవారికి ఈ విద్యతో ఏమి పని అని కొందరు ఆశ్చర్యపడవచ్చు. విద్యార్థుల పేర్లు, వసతి గృహపు లెక్కలు రిజిస్టరులో నుండి కంప్యూటరులోకి ఎక్కిన నాటి నుండి మాకు దీనితో పరిచయం కలిగింది. మేము చదువుకున్న మన్‌తిఖ్‌కు, అనగా తర్కశాస్త్రానికి, ఇది చాలా దగ్గరి బంధువని మా అభిప్రాయం.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్‌ను ఎవరూ ఎక్కువసేపు చూడరు. రెండు పట్టికలు ఎదుట పెట్టి, ఒక ప్రశ్న అడిగి, “దీనికి క్వెరీ వ్రాసి చూపండి” అంటారు. ఆదేశాల పేర్లు కంఠస్థం చేసిన పిల్లలు అక్కడే ఆగిపోతున్నారు.

ఈ భాష పుట్టుకను గురించి రెండు మాటలు. సమాచారమంతటినీ పట్టికల రూపంలో ఉంచవచ్చునని 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించారు. 1974లో అదే సంస్థలోని డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ ఆ పట్టికలను ప్రశ్నించటానికి ‘సీక్వెల్’ అనే భాషను రూపొందించారు. అదే తరువాత ఎస్‌క్యూఎల్ అయినది. ఏమి కావాలో చెప్పటమే మన పని. దానిని ఎలా వెదకాలో యంత్రం చూసుకుంటుంది.

మన పిల్లలను మొదట తికమకపెట్టేది క్వెరీలోని మాటల వరుస. వ్రాయటంలో ‘సెలెక్ట్’ ముందు వస్తుంది, ‘ఫ్రమ్’, ‘వేర్’ తరువాత వస్తాయి. అర్థం చేసుకొనవలసిన క్రమం వేరు: ముందు ఫ్రమ్, తరువాత వేర్, ఆ పిమ్మట సెలెక్ట్. తెలుగులో చెప్పి చూడండి: “విద్యార్థుల పట్టికలో నుండి, కర్నూలు వారిని ఏరి, పేర్లు చూపు.” మన వాక్యం సహజంగానే సరియైన క్రమంలో నడుస్తున్నది! కనుక క్వెరీని ముందుగా తెలుగులో ఒక వాక్యంగా పలికి, ఆ తరువాతనే కీబోర్డు మీద చేయి వేయమని మేము పిల్లలకు చెబుతాము. ఇంగ్లీషు రాదని కుంగిపోయే పిల్లవాడికి ఇది కొండంత ధైర్యం.

ఇక అసలు విషయానికి వద్దాము. ఒక వసతి గృహంలో 60 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. చలికాలం వచ్చింది, రగ్గులు పంచుతున్నారు. మొదటి పట్టికలో విద్యార్థి సంఖ్య, పేరు ఉన్నాయి. రెండవది పంపిణీ పట్టిక. రగ్గు ఇచ్చినప్పుడల్లా అందులో తీసుకున్నవారి సంఖ్య, తేదీ వ్రాస్తారు. ఇప్పటికి 45 వరుసలు ఎక్కాయి. రద్దీలో ఎవరో ఒక వరుసలో సంఖ్య వ్రాయటం మరచి, ఆ గడిని ఖాళీగా వదిలివేశారు. ఒకరికి రెండుసార్లు ఇవ్వలేదనే అనుకుందాం. ప్రశ్న ఇది: ఇంకా రగ్గు అందనివారెవరు?

నూటికి తొంభై మంది పిల్లలు వెంటనే ‘నాట్ ఇన్’ వ్రాస్తారు. పంపిణీ పట్టికలోని సంఖ్యలలో లేని విద్యార్థులను చూపమని దాని భావం. చదవటానికి నిర్దోషంగా ఉన్నది. నడిపితే ఒక్క పేరు కూడా రాదు. తెర ఖాళీ! యంత్రం తప్పు జరిగిందని కూడా చెప్పదు. చూసినవారు “అల్‌హమ్‌దులిల్లాహ్, అందరికీ అందాయి” అనుకొని రిజిస్టరు మూసివేస్తారు. ఆ రాత్రి పదిహేను మంది పిల్లలు చలిలో పడుకుంటారు.

ఇలా ఎందుకు జరిగింది? మేము చదివిన తర్కంలో ఒక ప్రతిపాదన సత్యమైనా కావాలి, అసత్యమైనా కావాలి. ఎస్‌క్యూఎల్‌లో మూడవది ఒకటి ఉన్నది: ‘తెలియదు’. ఖాళీ గడిని అక్కడ ‘నల్’ అంటారు. నల్ అంటే సున్నా కాదు, మామూలు విలువ కూడా కాదు. రగ్గు అందని 7వ సంఖ్య విద్యార్థి ఆ ఖాళీ గడిలోని వాడా, కాదా అని అడిగితే “తెలియదు” అన్నదే జవాబు. నాట్ ఇన్‌కు ఒక్క ‘తెలియదు’ తగిలినా ఆ విద్యార్థి జాబితాలోకి రాడు. నిశ్చయంగా సత్యమని తేలినవారినే వేర్ లోపలికి రానిస్తుంది. ఇలా ప్రతి విద్యార్థి విషయంలోనూ జరుగుతుంది గనుక జాబితా శూన్యమవుతుంది.

దీనికి మార్గాలున్నాయి. ‘నాట్ ఎగ్జిస్ట్స్’ వ్రాయవచ్చు, అనగా ఈ విద్యార్థి సంఖ్య గల వరుస పంపిణీ పట్టికలో ఒక్కటైనా లేనిచో అతని పేరు చూపమనటం. లేదా ‘లెఫ్ట్ జాయిన్’తో 60 మందినీ నిలబెట్టి, ఎవరి పక్కన జత దొరకలేదో వారిని ఏరవచ్చు. రెండింటిలోనూ 16 పేర్లు వస్తాయి. పదిహేను కాదు, పదహారు! ఖాళీ గడి వరుసలో రగ్గు తీసుకున్న పిల్లవాడు కూడా అందులో ఉన్నాడు. అతడెవరో ఏ క్వెరీ చెప్పలేదు. పదహారు మందినీ పిలిచి అడగవలసిందే.

ఈ చివరి మాటను ఇంటర్వ్యూలో పైకి చెప్పగలిగిన పిల్లవాడిని మేమైతే వెంటనే ఎంచుకుంటాము. క్వెరీ వ్రాయకముందే “ఈ సంఖ్య గడి ఖాళీగా ఉండవచ్చునా? ఒకే విద్యార్థి రెండుసార్లు రావచ్చునా?” అని అడిగినవాడు సగం పరీక్ష గెలిచినట్లే. అడగటానికి సిగ్గుపడి మౌనంగా వ్రాసుకుపోవటం మన పిల్లలకు అలవాటు. అది అదబు కాదు, బెరుకు మాత్రమే.

లెక్కపెట్టటంలో కూడా ఇటువంటి గుంట ఒకటి ఉన్నది. పంపిణీ పట్టికలో ‘కౌంట్’కు నక్షత్రపు గుర్తు ఇస్తే 45 వస్తుంది, సంఖ్య కాలమ్ పేరు ఇస్తే 44 వస్తుంది, ఎందుకనగా అది ఖాళీ గడిని లెక్కించదు. ఆ రెండింటి తేడాయే ఎక్కడో ఒక గడి ఖాళీగా ఉన్నదని పట్టి ఇస్తుంది. అయితే లెఫ్ట్ జాయిన్ తరువాత ఒక్కొక్కరికి ఎన్ని రగ్గులు అందాయో లెక్కించేటప్పుడు నక్షత్రం వాడితే, ఏమీ అందనివాడికి కూడా ఒకటి అందినట్లు చూపుతుంది. అక్కడ పంపిణీ పట్టికలోని సంఖ్య కాలమ్‌నే లెక్కించాలి, అప్పుడు సున్నా వస్తుంది.

అభ్యాసానికి ఖర్చేమీ లేదు. ‘ఎస్‌క్యూలైట్’ ఉచితం, డేటాబేస్ అంతా ఒకే ఫైలులో ఇమిడిపోతుంది, పాత కంప్యూటరు మీద కూడా నడుస్తుంది. పెద్ద పట్టికలు కూడా అవసరం లేదు. పిల్లవాడిని ఆరు వరుసల పట్టిక తయారు చేయమనండి. అందులో ఒక గడి ఖాళీగా, ఒక పేరు రెండుసార్లు, రెండవ పట్టికలో అసలు కనిపించని మనిషి ఒకడు తప్పక ఉండాలి. జవాబును ముందు కాగితం మీద చేతితో తేల్చి, ఆ తరువాత క్వెరీ నడిపి పోల్చుకొనమనండి. రెండూ కలవనప్పుడు కలిగే ఆలోచనే అసలైన పాఠం. ఇటువంటి ప్రశ్నలు ఇరవై, వాటి క్వెరీలు, ప్రతిదాని కింద “ఇలా ఎందుకు వ్రాశాను” అని రెండు వాక్యాలు కలిపి ఒక ఫైలుగా ఉంచుకుంటే, ఇంటర్వ్యూలో చూపటానికి ఏ సర్టిఫికెట్ కంటెనూ అదే మేలు.

ఆ ఫైలులో మస్జిదు కమిటీ నుండి తెచ్చిన జకాత్ జాబితాలను మాత్రం పెట్టనివ్వకండి. సహాయం పొందినవారి పేర్లు, ఫోను నంబర్లు అమానతు. అభ్యాసానికి కల్పించిన పేర్లు చాలు.