సొంతంగా కట్టిన విమానం: ఎగరడం ఒక ఎత్తు, ఆగిన ఇంజన్‌ని మళ్లీ నమ్మడం మరో ఎత్తు

2025 మార్చిలో బంగ్లాదేశ్‌లోని మానిక్‌గంజ్ జిల్లాలో జుల్హాస్ మొల్లా అనే యువ ఎలక్ట్రీషియన్ నీళ్ల పంపు ఇంజన్‌తో తయారు చేసుకున్న చిన్న విమానాన్ని గాల్లోకి లేపారు. వీడియోలు వైరల్ అయ్యాయి, అభినందనలు వెల్లువెత్తాయి. అంతకు ఆరేళ్ల ముందు పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో పాప్‌కార్న్ అమ్ముకునే ముహమ్మద్ ఫయాజ్ ఇలాంటి ప్రయత్నమే చేస్తే పోలీసులు అరెస్టు చేశారు. ఆయన విమానానికి రోడ్డు కోసే యంత్రం ఇంజనే ఆధారం. రెక్కలు గోనెగుడ్డవి.

ఒకచోట చప్పట్లు, మరోచోట కేసు. అడగాల్సిన ప్రశ్న మాత్రం రెండు చోట్లా మరుగున పడింది. ఆ ఇంజన్ గాల్లో ఆగితే ఏమిటి? బాగుచేశాక అది మళ్లీ ఎగరడానికి పనికొస్తుందని ఎవరు తేలుస్తారు?

లెక్కలు ఏం చెబుతున్నాయి?

సొంతంగా విమానాలు కట్టుకునే సంస్కృతి అమెరికాలో బలంగా ఉంది. అక్కడి జాతీయ రవాణా భద్రతా బోర్డు (ఎన్‌టీఎస్‌బీ) ఈ విమానాలపై 2012లో ఒక అధ్యయనం వెలువరించింది. దేశంలోని సాధారణ విమానయాన రంగంలో ఇవి దాదాపు 10 శాతం. కానీ 2011లో ఆ రంగంలో జరిగిన ప్రమాదాల్లో సుమారు 15 శాతం, ప్రాణాలు పోయిన ప్రమాదాల్లో 21 శాతం వీటివే. ప్రధాన కారణాలు రెండు: ఇంజన్ వ్యవస్థ విఫలం కావడం, గాల్లో అదుపు తప్పడం.

ఈ రెంటికీ దగ్గరి సంబంధం ఉంది. టేకాఫ్ తర్వాత తక్కువ ఎత్తులో ఇంజన్ ఆగితే పైలట్‌కు వెంటనే రన్‌వే వైపు తిరగాలనిపిస్తుంది. ఆ మలుపులో వేగం పడిపోతే రెక్కలకు విమానాన్ని మోసే శక్తి పోతుంది. అందుకే ముక్కు దించి, ఎదురుగా ఉన్న ఖాళీ స్థలంలో దిగమని శిక్షకులు పదేపదే చెబుతారు.

లోపం ఎక్కడ?

‘ఇంజన్ ఆగింది’ అంటే ప్రతిసారీ పిస్టనో, క్రాంక్‌షాఫ్టో విరిగిందని కాదు. ఇంధనం అందకపోవడం, పైపుల్లో పెట్రోలు ఆవిరిగా మారడం, ట్యాంకులో నీరు చేరడం, కార్బ్యురేటర్‌లో మంచు పట్టడం వంటివి మంచి ఇంజన్‌నీ ఆపేస్తాయి. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే బయట 20 డిగ్రీలు దాటినా ఈ మంచు పట్టొచ్చు. అంటే ఇది చలి దేశాలకే పరిమితమైన సమస్య కాదు.

అరువు తెచ్చుకున్న ఇంజన్లతో మరో చిక్కు. కారు ఇంజన్ రోడ్డు మీద చాలాసేపు తన శక్తిలో కొంత భాగమే వాడుతుంది. విమానంలో గంటల తరబడి సుమారు 65-75 శాతం శక్తితో నడవాలి. పైగా ప్రొపెల్లర్ లాగే బలాన్ని, విమానం తిరిగినప్పుడు పడే వంపు ఒత్తిడిని క్రాంక్‌షాఫ్ట్ భరించాలి. సంప్రదాయ విమాన ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కూ రెండు స్పార్క్ ప్లగ్‌లు ఉంటాయి. ఒక జ్వలన వ్యవస్థ ఆగినా రెండోది నడిపిస్తుంది. నీళ్ల పంపుకు ఆ అవసరమే లేదు. అది ఆగితే పొలానికి నీళ్లు ఆలస్యమవుతాయి, అంతే.

భారత్‌లో దీనికి ఇంధనం సమస్య తోడైంది. బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్ముతున్నారు. తేలికపాటి విమానాల్లో విరివిగా వాడే రోటాక్స్ 912 ఇంజన్‌కు తయారీదారు అనుమతించే ఇథనాల్ పరిమితి 10 శాతమే. ఇథనాల్ తేమను పీలుస్తుంది, దానికి తట్టుకునేలా తయారు కాని రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది.

విప్పి బిగించడంతో అయిపోదు

తొలి విమానానికే ఈ కష్టం తప్పలేదు. 1903 ఫిబ్రవరిలో రైట్ సోదరుల ఇంజన్ పరీక్షలోనే బేరింగులు బిగుసుకుపోయి క్రాంక్‌కేస్ పగిలింది. కొత్తది పోత పోయించి, ఇంజన్‌ని మళ్లీ కట్టాకే డిసెంబరులో వాళ్లు ఎగిరారు.

పునర్నిర్మాణంలో అసలు పని విడిభాగాలు మార్చడం కన్నా పనికిరానివాటిని గుర్తించడం. తిరుగుతున్న ప్రొపెల్లర్ నేలకు తగిలితే, పైకి బాగానే కనిపించినా ఇంజన్ విప్పి చూడాలి. క్రాంక్‌షాఫ్ట్‌లో కంటికి కనపడని పగుళ్లను అయస్కాంత పరీక్షతో వెతకాలి. కొత్త సిలిండర్లు, రింగులు వేసిన సంప్రదాయ విమాన ఇంజన్‌ని నేల మీద ఎక్కువసేపు నెమ్మదిగా నడపకూడదు. అలా చేస్తే రింగులు సరిగా అమరవు. అందుకే అధిక శక్తితో గాల్లో నడపాలి. అంటే బిగింపులో పొరపాటు జరిగి ఉంటే అది బయటపడేది ఆ తొలి గంటల్లోనే.

అందుకే అమెరికాలో సొంతంగా కట్టిన విమానాలకు మొదట 25 లేదా 40 గంటల పరీక్షా దశ పెడతారు. ఆ సమయంలో ప్రయాణికులను ఎక్కించకూడదు, నిర్ణీత ప్రాంతం దాటకూడదు. ఇంధన వ్యవస్థను ఎగరక ముందే పరీక్షించి నమోదు చేయాలని ఎన్‌టీఎస్‌బీ సిఫార్సు చేసింది.

భారత్ ఎక్కడుంది?

ముంబయిలో అపార్టుమెంటు మేడ మీద ఆరు సీట్ల విమానం కట్టిన పైలట్ అమోల్ యాదవ్‌కు 2017 నవంబరులో రిజిస్ట్రేషన్, 2019 అక్టోబరులో ఎగిరేందుకు అనుమతి దక్కాయి. ఏళ్ల తరబడి నిరీక్షణ, రాజకీయ నాయకుల జోక్యం తర్వాతే అది సాధ్యమైంది. బ్రిటన్‌లో స్థిరపడిన కేరళ ఇంజనీర్ అశోక్ తామరాక్షన్ లాక్‌డౌన్ కాలంలో నాలుగు సీట్ల విమానం కట్టి కుటుంబంతో యూరప్ దేశాలకు వెళ్లివచ్చారు. ఆయనది కిట్, అమోల్‌ది సొంత డిజైన్ కాబట్టి రెంటినీ నేరుగా పోల్చలేం. కానీ బ్రిటన్‌లో లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ తనిఖీదారులు ఉన్నారు. వాళ్లు నిర్మాణంలోనూ, మరమ్మతుల తర్వాతా పనిని చూసి సంతకం చేస్తారు. ఎక్కడ ఏ భాగం విఫలమైందో ఇతర సభ్యులకు తెలియజేస్తారు.

ఔత్సాహికుడికీ డీజీసీఏకీ మధ్య అలాంటి వారధి భారత్‌లో ఇంకా బలపడలేదు. 1934 నాటి విమాన చట్టం స్థానంలో 2025 జనవరి నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమల్లోకి వచ్చింది. దేశీయ డిజైన్, తయారీకి ఊతమిస్తామని ప్రభుత్వం చెబుతోంది. ఆ మాట పెద్ద కంపెనీల దగ్గరే ఆగిపోకూడదనుకుంటే ఖర్చు కూడా పెద్దగా కాదు. శిక్షణ పొందిన తనిఖీదారులు, తప్పనిసరి పరీక్షా గంటలు, శిక్ష భయం లేకుండా వైఫల్యాలు చెప్పుకునే ఏర్పాటు ఉంటే చాలు.

అవి లేనంతకాలం ఒకరి ఇంజన్ ఎందుకు ఆగిందో మరొకరికి తెలియదు. అదే తప్పు ఇంకో ఊళ్లో, ఇంకో మైదానంలో మళ్లీ జరుగుతుంది. ప్రతిసారీ కింద ఖాళీ పొలమే ఉంటుందన్న హామీ లేదు.