పాలసీసా పట్టినవాడు దోషి, పస్తు పెట్టినవాడు పుణ్యాత్ముడా?

2019లో జరిగిన 20వ పశుగణన ప్రకారం దేశంలోని గేదెజాతి పశువుల సంఖ్య దాదాపు 10 కోట్ల 98 లక్షలు. అందులో ఆడవి 10 కోట్లకు పైమాటే. మగవి కోటి కూడా లేవు. ప్రకృతి మగ దూడలనూ, ఆడ దూడలనూ దాదాపు సమానంగానే పుట్టిస్తుంది. మరి ఆ మగ దూడలన్నీ ఏమయ్యాయి? కొన్ని కబేళాకు వెళ్లాయి, నిజమే. కానీ ఎన్నో దూడలు కబేళా దాకా కూడా చేరవు. పుట్టిన కొద్ది వారాలకే, కట్టుగొయ్య దగ్గరే, ఆకలితో, పారుడు రోగంతో కన్నుమూస్తాయి. జీవకారుణ్యం పేరిట అర్ధరాత్రి రహదారులపై వాహనాలు ఆపి సోదా చేసేవారిలో ఒక్కరికైనా ఈ ప్రశ్న తట్టిందా?

ఈ మరణాలకు కారణం రైతు క్రూరత్వం కాదు, లెక్క. దున్న దూడ పుట్టిన ఇంట సంబరం ఉండదు. ట్రాక్టరు వచ్చాక దున్నతో సేద్యం పోయింది. కృత్రిమ గర్భధారణ వచ్చాక ఊరికో దున్నపోతు అవసరమూ తగ్గింది. దూడకు రోజూ దాని బరువులో పదో వంతు పాలు పట్టాలి. 30 కిలోల దూడకు 3 లీటర్లు. లీటరు 60 రూపాయలనుకుంటే రోజుకు 180, రెండు నెలలకు 10,800 రూపాయలు. ఆ వయసు దున్న దూడకు సంతలో ఆ ధర పలకదు. కనుక గేదె చేపడానికి రెండు గుక్కలు తాగనిచ్చి దూడను లాగి కట్టేస్తారు. చనిపోతే దాని తోలులో గడ్డి కూరి గేదె ముందు నిలబెట్టి పాలు పిండుకునే అలవాటు మన పల్లెలకు తెలియనిది కాదు. ఆ పాలే నగరాల్లో నైవేద్యమవుతాయి, టీ అవుతాయి, పెరుగవుతాయి. అవి తాగేవారెవరినీ ఎవరూ దోషులనరు.

1960 నాటి జంతు హింస నిరోధక చట్టంలోని 11వ సెక్షన్ చూడండి. తన పశువుకు చాలినంత మేత, నీరు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం దృష్టిలో హింసే. ఆకలితో చచ్చిన దూడ కోసం గోరక్షక దళాలు పోలీసు స్టేషను ముందు బైఠాయించిన దృశ్యం మనమెరుగుదుమా? అదే దూడను ఎవరో కొని, సీసాతో పాలు పట్టి, రెండేళ్లు సాకి, బలిసిన దున్నగా అమ్మకానికి వాహనమెక్కిస్తే మాత్రం అప్పుడు కారుణ్యం కట్టెలు పట్టుకుని రోడ్డెక్కుతుంది. ఆ వాహనం నడిపేవాడి పేరు ముస్లిం పేరైతే ఇక చెప్పనక్కరలేదు.

నిజానికి ఈ దూడలను బతికించడం అసాధ్యమేమీ కాదు. పుట్టిన గంట, రెండు గంటల్లోపే ముర్రుపాలు పట్టాలి. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ రాయాలి. గోరువెచ్చని పాలను వేళ తప్పకుండా పట్టాలి. సీసాను పూటపూటా కడగాలి. రెండో వారంలో ఏలిక పాములకు మందు తాగించాలి. గేదె దూడలను బలిగొనే వాటిలో ఈ పాములదే పెద్దపాలు. క్రమంగా పాలు తగ్గిస్తూ పాలపొడి మిశ్రమం, దూడల దాణా, పచ్చిగడ్డి అలవాటు చేయాలి. ఎకరం నేల, రేకుల పాక, ఓపిక ఉన్న ఇల్లాలు ఉంటే పది దూడలు పెరుగుతాయి. పట్టణం అంచున ఉండే పేద ముస్లిం కుటుంబానికీ, పల్లెలోని దళిత కుటుంబానికీ ఇంతకన్నా తగిన ఉపాధి ఏముంది?

ప్రభుత్వానికీ ఈ సంగతి తెలుసు. 11వ పంచవర్ష ప్రణాళిక కాలంలో మగ గేదె దూడలను కాపాడి పెంచేందుకు కేంద్రమే ప్రత్యేక పథకం తెచ్చింది. మాంసం ఎగుమతికి అక్కరకు వస్తాయనే ఆ పథకం తెచ్చింది. నేడు మన దేశం ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా విలువైన గేదె మాంసాన్ని విదేశాలకు పంపుతోంది. ఓడకెక్కే మాంసం విదేశీ మారకద్రవ్యం, హైదరాబాద్ గల్లీలో కల్యాణీ బిర్యానీగా వడ్డించే మాంసం అనుమానాస్పదం. ఈ ద్వంద్వ నీతికి పాలకులు ఏ పేరు పెడతారు?

చట్టం మన వెంట లేదా అంటే, ఉంది. 1958లో మహ్మద్ హనీఫ్ ఖురేషీ కేసులో సుప్రీంకోర్టు ఆవులు, ఆవు దూడలు, గేదె దూడల వధపై పూర్తి నిషేధాన్ని సమర్థించింది. అయితే ఉపయోగం ముగిసిన గేదెలు, ఎద్దుల వధను కూడా నిషేధించడం సమంజసం కాదన్నది. 2005లో ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఎద్దుల విషయంలో ఆ వైఖరిని మార్చింది. ఆ వ్యాజ్యం గోసంతతి గురించినదే గాని గేదెల గురించినది కాదు. మనమూ ఆవు గురించి మాట్లాడటం లేదు. దూడను వధించే హక్కూ అడగడం లేదు. దూడను బతికించి, పెంచి, ఎదిగిన దున్నను చట్టబద్ధంగా అమ్ముకునే హక్కు అడుగుతున్నాం.

2017 మేలో కేంద్రం సంతల్లో వధ కోసం పశువులను అమ్మరాదంటూ నిబంధనలు తెచ్చి, అందులో గేదెలనూ కలిపింది. ఖురేషీల సంఘం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. అదే ఏడాది జులై 11న వాటి అమలు దేశమంతటా నిలిచిపోయింది. న్యాయస్థానంలో గెలవవచ్చునని ఆ పోరాటం చెప్పింది. కానీ రహదారిపై న్యాయస్థానం ఉండదు. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే హర్యానాకు చెందిన పాడి రైతు పెహ్లూ ఖాన్ జైపూర్ సంతలో పశువులను కొని ఇంటికి తీసుకెళుతూ అల్వర్ దగ్గర మూక దాడికి గురై మరణించాడు. 2019 ఆగస్టులో విచారణ కోర్టు ఆరుగురు నిందితులను నిర్దోషులని విడిచిపెట్టింది. పశువులను సాకే ముస్లింకు ఈ రాజ్యం ఇచ్చిన సందేశం అది. ఆ సందేశం విన్నవాడు దూడను కొంటాడా?

"సాకి సాకి చంపడమేనా కారుణ్యం?" అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. మాంసాహారం మానమనే హక్కు ఎవరికైనా ఉంది, ఇతరులను బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు. ఇక దూడ మాట. రెండేళ్లు కడుపునిండా తిని పెరగడమా, మూడు వారాలు ఆకలితో అరిచి రాలిపోవడమా? పాలు తాగే సమాజం మూడో దారి ఏదైనా చూపిందా? ప్రతి మగ దూడనూ ముసలితనం దాకా మేపే ఖర్చు భరిస్తానని ముందుకొచ్చిందా? రానంతవరకు ఈ ప్రశ్న దూడ మీద ప్రేమ కాదు, మన మీద ద్వేషం.

కనుక మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. గేదె దూడల పెంపకానికి మైనారిటీ, ఎస్సీ కార్పొరేషన్ల ద్వారా రుణం, బీమా ఇవ్వాలి. 1977 నాటి చట్టం సేద్యానికి, సంతానోత్పత్తికి పనికిరాదని ధ్రువపత్రం ఉంటేనే వధకు అనుమతిస్తుంది. అది నాగలి కాలపు షరతు. మాంసానికే పెంచిన దున్నకు ఏ పత్రం ఇవ్వాలో ప్రభుత్వం తేటగా చెప్పాలి. చెవి పోగు వేసి, పత్రాలున్న పశువును ఆపే అధికారం పోలీసుకు తప్ప ప్రైవేటు వ్యక్తికి లేదని ప్రతి చెక్‌పోస్టు దగ్గర బోర్డు పెట్టాలి. మూకదాడుల నివారణకు జిల్లాకో నోడల్ అధికారి ఉండాలని 2018 జులైలో సుప్రీంకోర్టు ఆదేశించింది. మీ జిల్లాలో ఆ అధికారి ఎవరో అడగండి. జవాబును లిఖితపూర్వకంగా కోరండి.

మన వంతూ ఉంది. ఒక బండిలో పట్టవలసిన దానికి రెట్టింపు పశువులను కుక్కి, నీళ్లివ్వకుండా తోలేవారు మనలోనూ ఉన్నారు. అది చట్టరీత్యా నేరం, ధర్మరీత్యా పాపం. పిల్లిని కట్టేసి ఆకలితో చంపిన స్త్రీ నరకానికి పాత్రురాలైందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. నోరులేని జీవుల విషయంలో అల్లాహ్‌కు భయపడమన్నారు. ఆ బోధను నమ్మేవారు ఆకలితో అరిచే దూడకు పాలసీసా అందించడంలో అందరికన్నా ముందుండాలి. సంఘాలుగా ఏర్పడండి, పత్రాలు భద్రపరచండి, దూడలను బతికించండి. ఆ తరువాత, హింస ఎవరిదో చెప్పమని ఈ దేశాన్ని తల ఎత్తి అడగండి.