అమ్మా, కంప్యూటర్ ముట్టుకోకు!

కుక్కర్ గ్యాస్కెట్ వదులైతే నేనే మారుస్తాను. మిక్సీ ఆగిపోతే తిరగేసి కింద ఉన్న ఎర్ర బటన్ నొక్కుతాను. బోరు మోటారు ట్రిప్పయితే మా ఆయన వచ్చేదాకా ఖాళీ బిందెలతో కూర్చోను. కానీ కంప్యూటర్ తెర మసకబారితే మాత్రం నెలరోజులు చేతులు కట్టుకుని కూర్చున్నాను. అది అమ్మ వస్తువు కాదని ఇంట్లో అందరి లెక్క. నిజం చెప్పాలంటే నా లెక్కా అదే.

మాది వనపర్తి. విండోస్ కొత్తగా వేయించుకొచ్చిన రోజు నుంచే అక్షరాలు లావుగా, అలుక్కుపోయినట్టు కనబడడం మొదలైంది. ఫోటోలో మా అత్తమ్మ గుండ్రటి బొట్టు కోడిగుడ్డులా సాగింది. ఇంగ్లిషయితే ఎలాగోలా చదవొచ్చు. మన తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు. 'ప'కూ 'ఫ'కూ తేడా కింద ఒక చిన్న గీత, అదే కనబడకపోతే ఏం చదువుతాం? ఇంటర్ చదివే మా అమ్మాయి పాఠాలు చూసి లేచేసరికి తలనొప్పి అనేది. నేను రాసుకోవడమే మానేశాను. షాపులో అడిగితే "మానిటర్ పోయిందమ్మా, కొత్తది తీసుకోండి" అన్నారు. మా ఆయనేమో "బాబు దసరాకు వస్తాడుగా, అప్పటిదాకా ముట్టుకోకు" అన్నారు. రాజావారి కోటలో పాలిటెక్నిక్ పెట్టిన ఊళ్ళో ఉంటూ, ఒక తెర కోసం హైదరాబాద్ నుంచి కొడుకు రావాలా అనిపించింది.

ఆ రోజు మధ్యాహ్నం ఫోన్లో చదువుతూ కూర్చున్నాను. రిజల్యూషన్ అన్న మాట దగ్గర మొదట బుర్ర తిరిగింది. తర్వాత నవ్వొచ్చింది. నా పుట్టిల్లు గద్వాల. నేతవాళ్ళ ఇళ్ళలో చీర అంచు డిజైన్‌ను గళ్ళ కాగితం మీద గీయడం చిన్నప్పటి నుంచీ చూసినదాన్ని. ఏ గడి నిండాలో, ఏ గడి ఖాళీగా ఉండాలో లెక్క. తెర కూడా అంతే. మా మానిటర్‌లో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. మొత్తం 20 లక్షలకు పైనే. మా కంప్యూటర్ మాత్రం 1024, 768 లెక్కన బొమ్మ పంపుతోంది. ఎనిమిది లక్షల గళ్ళు కూడా లేని డిజైన్‌ను 20 లక్షల గళ్ళ మీద సాగదీస్తే అంచులు కలగాపులగం కాక ఏమవుతాయి? అడ్డం ఎక్కువ సాగి, నిలువు తక్కువ సాగితే బొట్టు కోడిగుడ్డు కాక ఏమవుతుంది?

ఇక చేసింది చెప్తాను. ఖాళీ తెర మీద మౌస్ కుడి బటన్ నొక్కి, డిస్‌ప్లే సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. డిస్‌ప్లే రిజల్యూషన్ దగ్గర 'రికమెండెడ్' అని ఉన్నదే మానిటర్ అసలు కొలత అవుతుంది, మామూలుగా దాన్ని ఎంచుకుంటే చాలు. పొరపాటు నొక్కుతామని భయం వద్దు. కొత్త కొలత ఉంచమని మనం చెప్పకపోతే 15 సెకన్లలో అదే పాతదానికి వెళ్ళిపోతుంది. మా దాంట్లో 1920 అసలు జాబితాలోనే లేదు. మానిటర్ కేబుల్ స్క్రూలు బిగించి చూశాను, మారలేదు. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద 'మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్' అని కనబడింది. అంటే విండోస్ వేసినప్పుడు గ్రాఫిక్స్ డ్రైవర్ వేయలేదన్నమాట. ఫోన్ నుంచి ఇంటర్నెట్ ఇచ్చి, విండోస్ అప్‌డేట్‌లో డ్రైవర్ దింపుకుని, రీస్టార్ట్ చేశాను. అత్తమ్మ బొట్టు మళ్ళీ గుండ్రంగా వచ్చింది! మానిటర్‌కు ఏమీ కాలేదు.

సాయంత్రం మామయ్య పేపర్ చదువుదామని కూర్చుని "అక్షరాలు చిన్నగైనయి, ముందటిదే బాగుండె" అన్నారు. చాలా ఇళ్ళలో తప్పు ఇక్కడే జరుగుతుంది. అక్షరాలు పెద్దవి కావాలని రిజల్యూషన్ తగ్గించేస్తారు. వెనకటి డబ్బా మానిటర్లు ఏ కొలతకైనా సర్దుకునేవి కాబట్టి ఆ అలవాటు. ఇప్పటి పలక మానిటర్లలో అది మసక తెస్తుంది. రిజల్యూషన్ ముట్టుకోకుండా, పక్కనే ఉన్న 'స్కేల్'ను 125 గానీ 150 శాతం గానీ చేయాలి. మామయ్యకు 150 సరిపోయింది.

వారం తిరక్కుండా నాగర్‌కర్నూల్ నుంచి మా ఆడబిడ్డ ఫోన్ చేసింది. "వదినా, కంప్యూటర్‌ను టీవీకి పెడితే చుట్టూ అంచులు కనబడ్తలేవు" అంది. టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజుకు వెళ్ళి 'స్క్రీన్ ఫిట్' లాంటిది ఉందేమో చూడమన్నాను. ఉంది. సరిపోయింది.

అమ్మాయి కళ్ళు కూడా చూపించాం. కొద్దిగా సైటు ఉందన్నారు, అద్దాలిచ్చారు. తెర బాగైంది కదా అని కళ్ళ పరీక్ష మానుకోకూడదు. అలాగే అద్దాలొచ్చాయి కదా అని మసక తెరను అలాగే వదిలేయకూడదు.

నేనేమీ ఇంజనీరును అయిపోలేదు. మదర్‌బోర్డు పోతే షాపుకే పంపిస్తాను. కానీ ఎనిమిది వేలు పెట్టి కొత్త మానిటర్ కొనే ముందు, నెలరోజులు కొడుకు కోసం ఎదురుచూసే ముందు, ఒక్క పావుగంట మనమే చూడొచ్చు కదా! ముట్టుకోకు అన్న మాట వాళ్ళు ప్రేమగానే అంటారు. ఆ మాట విని విని మన రాత, మన చదువు ఇంకొకరి సెలవుల మీద ఆధారపడిపోతాయి. ఇంట్లో గ్యాస్ బుక్ చేసేది మనం, కరెంటు బిల్లు గుర్తుపెట్టుకునేది మనం. ఆ తెర ముందు కూర్చునే కుర్చీ కూడా మనదే.

మా బాబు దసరాకు వచ్చాడు. తెర చూసి "ఎవరు బాగుచేశారు?" అన్నాడు. "ముట్టుకున్నానులే" అన్నాను.