చెరువుకూ ఒక పద్దు పుస్తకం

నీళ్ళు కాచి, వడపోసి తాగితే యే భయమూ లేదని మన ఇళ్ళలో గట్టి నమ్మకం. కలరా, టైఫాయిడ్ క్రిముల సంగతిలో అది నిజమే. కాని కాచినకొద్దీ చిక్కబడే విషం కూడా ఒకటి వుంది. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడో నగరంవారికి యిది అనుభవమైంది. ఈరీ సరస్సులో పెరిగిన ఒక జాతి నాచు విడిచిన విషం కుళాయి నీళ్ళలో కనిపించింది. నాలుగు లక్షలకు పైగా జనానికి "కుళాయి నీళ్ళు తాగవద్దు, కాచనూవద్దు" అని అధికారులు కబురు చేశారు. ఆ నాచుకు మేత ముఖ్యంగా ఎగువ పొలాలలోని ఎరువు!

ఎక్కడో అమెరికాలో జరిగితే మనకెందుకు అంటారా? విశాఖపట్నం తాగే నీళ్ళలో కొంత మేఘాద్రిగెడ్డ జలాశయానిది. వానపడితే పొలాల నీరైనా, ఊళ్ళ మురుగైనా పల్లానికే కదా చేరేది! జలాశయంలో మిగిలిన నీరు గెడ్డ వెంట రేవులోకి పోతుంది. ఆ రేవులో మురుగు మూలంగా నాచు విపరీతంగా పెరగటాన్ని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు గణపతి, రామన్ గార్లు 1970లలోనే పరిశీలించి రాశారు.

మురుగు గొట్టమైతే యెక్కడ పడుతున్నదో చూసి కట్టివేయవచ్చు. పొలానికి గొట్టం యేదీ? వందలాది మళ్ళ నుంచి తలా పిడికెడు కొట్టుకువస్తే యెవరినని అడగటం? పైగా అన్ని ఎరువులదీ ఒకే నడక కాదు. యూరియాలోని నత్రజని నీళ్ళలో కరిగి పోతుంది, నేలలోకీ ఇంకుతుంది. భాస్వరం చాలావరకు మట్టిని అంటిపెట్టుకుని, మట్టి కోసుకుపోయినప్పుడు దానితో బయలుదేరుతుంది. ఒకదానికి వేసిన అడ్డు రెండవదానికి చాలదు.

అందుకే శాస్త్రజ్ఞులు చెరువుకు పద్దు రాస్తారు. వాన యెంత, నేల వాలు యెంత, మట్టి యేపాటిది, పైరు యేది, ఎరువు యెప్పుడు యెంత వేశారు—ఇవన్నీ కంప్యూటరుకు ఇచ్చి, యే పక్క నుంచి యెంత ఎరువు చెరువు చేరుతుందో లెక్క కడతారు. గెడ్డలో ముంచి తెచ్చిన నీళ్ళను పరీక్షించి, ఆ లెక్క నిజమో కాదో సరిచూస్తారు, తప్పితే దిద్దుతారు.

లెక్క కుదిరాక అసలు ప్రయోజనం మొదలవుతుంది. గెడ్డ గట్లపై గడ్డి పెంచితే యెంత తగ్గుతుంది? ఎరువును ఒక్కసారిగా కాక, వానల అదను చూసి రెండు మూడు దఫాలుగా వేస్తే? ఊరి మురుగును ముందు శుద్ధి చేస్తే? ఖర్చు పెట్టకముందే కాగితం మీద తేల్చుకోవచ్చు. ఈరీ సరస్సుకు వచ్చే భాస్వరాన్ని 2008 నాటి లెక్కమీద 40 శాతం తగ్గించాలని అమెరికా, కెనడాలు 2016లో నిర్ణయించుకున్నది ఇటువంటి లెక్కలు కొన్నిటిని పక్కపక్కన పెట్టి చూసే.

లెక్క లేనిచోట పట్నంవారు రైతును అంటారు, రైతు పట్నం మురుగును చూపిస్తాడు. నాచు మాత్రం యిద్దరి వాటా తిని పెరుగుతుంది. పద్దుకు ముందుగా కావలసింది వానాకాలమంతా విడవకుండా గెడ్డ నీళ్ళు పరీక్షించటం. ఆ లెక్కలు తాగే జనానికి కూడా తెలియజేయటం. కుళాయి నీళ్ళు పచ్చబడ్డాక చూసుకుందామంటే, ఇల్లు కాలుతుండగా బావి తవ్వినట్టే!