ఉట్టి వదులైతే

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ నన్ను చూసి, "ఎవరమ్మా నువ్వు? మా అమ్మాయి అమెరికాలో ఉంటుంది" అంది. పక్కనున్న వదిన కంగారుగా ఫోను తనవైపు తిప్పుకుంది. నేను నవ్వేశాను. కాల్ అయ్యాక బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. మీలో కొందరికి ఇది కొత్తేమీ కాదు.

ల్యాబ్‌లో నేను పనిచేసేది ఈ జబ్బు మీదే. మెదడంటే నరాల కణాలే అనుకుంటాం. ఆ కణాల మధ్య జాగా కూడా మెదడులో దాదాపు 20 శాతం ఉంటుంది. అది వట్టి ఖాళీ కాదు. చక్కెరలు, ప్రొటీన్లు కలిసిన జిగురు పదార్థం అందులో ఉంటుంది. దాన్ని ఎక్స్‌ట్రాసెల్యులార్ మ్యాట్రిక్స్ అంటారు. కొన్ని కణాల చుట్టూ అదే వలలా అల్లుకుంటుంది. 1890లలోనే ఇటలీ శాస్త్రవేత్త కెమిల్లో గోల్జీ ఈ వలను వర్ణించాడు.

నాకైతే అమ్మమ్మ ఇంట్లో పెరుగుకుండను పట్టి ఉంచిన ఉట్టి గుర్తొస్తుంది. ఈ వల కూడా కణాల మధ్య కుదిరిన సంబంధాలను కదలకుండా పట్టి ఉంచుతుంది. అల్జీమర్స్ తెప్పించిన ఎలుకల్లో, మెదడును శుభ్రం చేసే మైక్రోగ్లియా కణాలే ఈ వలను కొరికేస్తున్నాయని తేలింది. అలాగని వల ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనీ కాదు. మరికొన్ని ఎలుకల్లో ఎంజైముతో వలను కాస్త కరిగిస్తే జ్ఞాపకశక్తి మెరుగైంది. ఇదింకా మనుషులకు మందుగా రాలేదు.

ఆ వలలో కాండ్రాయిటిన్ సల్ఫేట్ ఉంటుందని చెప్పగానే ఒక స్నేహితురాలు, "మోకాళ్ళ మాత్రల్లో ఉండేది అదేగా, అమ్మకి పంపనా?" అని అడిగింది. వద్దన్నాను. ఆ మాత్రలు మతిమరుపును తగ్గిస్తాయనడానికి ఆధారం లేదు. ముందు బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించమన్నాను. ఆ లోపాల వల్ల వచ్చే మరుపు చాలాసార్లు మందులతో తగ్గుతుంది. చెవులు సరిగా వినిపిస్తున్నాయో లేదో కూడా చూపించమన్నాను.

ఇంకొక్క మాట. "నేనెవరో చెప్పు" అని పెద్దవాళ్ళకు పరీక్ష పెట్టకండి. అక్కడ రాత్రీపగలూ చూసుకునే వదినకో, చెల్లికో ముందు ఫోన్ చేసి, "నువ్వెలా ఉన్నావు?" అని అడగండి.

ఈ ఆదివారం నేనే ముందు పేరు చెప్పి, "మీ అమ్మాయినమ్మా" అన్నాను. అమ్మ కాసేపు తేరిపార చూసింది.

"జుట్టెందుకు కత్తిరించుకున్నావే?" అని కసిరింది.