ముక్తినాథ్‌కి ముందు శంషాబాద్ దాటాలి!

నేపాల్ యాత్రకి స్వెట్టర్లు, మాత్రలు, ఆవకాయ... అన్నీ సర్దుకుంది మా పిన్ని. తీరా శంషాబాద్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర చూస్తే చేతిలో ఆధార్ ఒక్కటే! నేపాల్‌కి మనకు వీసా అక్కర్లేదు, నిజమే. కానీ విమానంలో వెళ్లాలంటే పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉండాలి. ఆధార్ చెల్లేది 15 ఏళ్లలోపు పిల్లలకీ, 65 దాటిన పెద్దలకే. పిన్నికి 62. తమ్ముడు అత్తాపూర్ పరుగెత్తి ఓటరు కార్డు తెచ్చేసరికి కౌంటరు మూయడానికి పది నిమిషాలుంది.

కాఠ్మాండులో పశుపతినాథుడు, పోఖరాలో ఫేవా సరస్సు, దాని వెనక చేపతోకలా చీలిన మచ్ఛపుచ్ఛ్రే శిఖరం (6,993 మీటర్లు)... అన్నీ చూడాల్సినవే. ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ముక్తినాథ్‌కే. 108 దివ్యదేశాల్లో ఒకటిగా కొలుస్తారు. గుడి వెనక 108 ధారలు. అయితే శంషాబాద్ ఎత్తు సుమారు 600 మీటర్లు, ముక్తినాథ్ 3,700! ఒక్క ఊపున ఎక్కేస్తే తలనొప్పి, ఆయాసం తప్పవు. దారిలో జోమ్‌సోమ్‌లో ఓ రాత్రి ఆగండి. బీపీ, గుండెజబ్బు ఉన్నవాళ్లు డాక్టరుని అడిగే బయల్దేరాలి.

పిన్ని ఆగింది, హాయిగా వెళ్లొచ్చింది. ధారల కింద తల మాత్రం పెట్టలేదట. ఆ మంచునీళ్లు నెత్తిన చల్లుకుని వచ్చేసింది.